సెలూన్‌లో మెడ విరిపించుకోవడం: ‘టప్’మనేది ఎక్కడ, ముప్పు ఉన్నది ఎక్కడ?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కాలేజీ రోజుల నుంచి కటింగ్ అయ్యాక మెడ రెండు వైపులా విరిపించుకోవడం మీకు అలవాటు. ‘టప్’మంటేనే హాయి. సెలూన్‌లో మెడ తిప్పించుకున్నాక ఒకతనికి పక్షవాతం వచ్చిందన్న బళ్ళారి వార్త చూసినప్పటి నుంచి మీ ఆవిడ వద్దంటోంది. లోపల విరిగేది ఏమిటి, నిజంగా అంత ప్రమాదమా, ఇంట్లో నేనే విరుచుకుంటే ఫరవాలేదా, 68 ఏళ్ళ మా నాన్న కూడా అదే సెలూన్‌కి వెళ్తారు, ఆయన సంగతేంటి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వేరేవాళ్ళ చేతిలో తల పెట్టి మెడని ఒక్క విసురుతో తిప్పించుకోవడం ఇవాళ్టి నుంచి మానేయండి. తలమర్దన చేయించుకోండి, భుజాలు పిసికించుకోండి, వాటికి నాకు అభ్యంతరం లేదు. మెడ విరవడం వల్ల పక్షవాతం రావడం అరుదే, ఏళ్ళ తరబడి విరిపించుకుంటూ ఏమీ కానివాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఎవరికి వస్తుందో ముందే నమ్మకంగా పట్టిచ్చే పరీక్ష సెలూన్‌లో లేదు, నా దగ్గరా లేదు. ఆ ముప్పుకి బదులుగా మీకు దక్కేది కాసేపటి హాయి. ఈ బేరం నాకు గిట్టుబాటుగా కనిపించదు.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మెడనొప్పివాళ్ళే ఎక్కువ. విద్యార్థులకు ఎముకల సెట్టు పట్టుకుని మెడ నిర్మాణం కూడా చెప్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఆ శబ్దంతో మొదలుపెడతాను. అక్కడ ఎముక విరగదు, నరం జారి మళ్ళీ చోటుకి చేరడమూ ఉండదు. వెన్నుపూసల వెనక భాగంలో కుడి ఎడమల జతగా చిన్న చిన్న కీళ్ళుంటాయి, ఫాసెట్ కీళ్ళంటాం. ప్రతి కీలు చుట్టూ పలచటి తొడుగు, లోపల కొద్దిగా జారుడు ద్రవం. కీలు ముఖాలు రెండూ హఠాత్తుగా ఎడమైతే లోపలి ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. మీరు వినే ‘టప్’ అప్పుడు వస్తుంది. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎమ్మారై మెషీన్‌లో వేళ్ళ మెటికలు విరుస్తూ వీడియోలా తీశారు. శబ్దం వచ్చిన క్షణంలోనే కీలు మధ్య నల్లటి ఖాళీ ఏర్పడటం అందులో కనిపిస్తుంది. మెడ కీళ్ళలోనూ ఇదే జరుగుతుందని మా అవగాహన. ఆ వాయువు తిరిగి కరగడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్ళీ విరగకపోవడం మీరూ గమనించే ఉంటారు.

మరి హాయి ఎందుకంటే, కీలు తొడుగు ఒక్కసారి సాగినప్పుడు దాంట్లోని నాడుల నుంచి వెన్నుపాముకి సంకేతాలు వెళ్తాయి, చుట్టూ బిగుసుకున్న కండరాలు కాసేపు సడలుతాయి. కాసేపే. బిగుసుకోవడానికి కారణమైన కూర్చునే తీరు, ఫోను, దిండు, సరిగా లేని నిద్ర ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే నాలుగు రోజులకి మళ్ళీ విరిపించుకోవాలనిపిస్తుంది.

శబ్దం వరకే అయితే నేను వద్దనేవాణ్ణి కాదు. అసలు విషయం మెడ పైభాగంలో ఉంది.

మెడలో పూసలు ఏడు. జిరాఫీకీ ఏడే. పుర్రె కింద మొదటిది అట్లాస్, సి1 అని రాస్తాం. మిగతా పూసలకు ముందు వైపు గట్టి దిమ్మ ఉంటుంది, దీనికి ఉండదు, ఇది వట్టి వలయం. రెండోది యాక్సిస్, అంటే సి2. దాని మీద నుంచి ఒక ఎముక కొమ్ము పైకి లేచి అట్లాస్ వలయంలోకి దూరి ఉంటుంది. మీ ఇంట్లో పాత తిరగలి ఉంటే ఒకసారి చూడండి. కింది రాయి మధ్యలో మేకు, దాని చుట్టూ పై రాయి తిరగడం, అచ్చంగా అదే ఏర్పాటు. ఆ మేకు వెనక్కి జరిగి వెన్నుపాముని నొక్కకుండా దాని వెనక అడ్డంగా ఒక బలమైన లిగమెంట్, అంటే ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ, కట్టి ఉంటుంది. మీరు తలని పక్కకి తిప్పే తిప్పుడులో దాదాపు సగం ఈ ఒక్క జోడు దగ్గరే జరుగుతుంది. మిగతా సగాన్ని కింది పూసలన్నీ కొంచెం కొంచెం పంచుకుంటాయి. పుర్రెకీ సి1కీ మధ్య గానీ, సి1కీ సి2కీ మధ్య గానీ డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, ఉండదు. మొదటి డిస్కు సి2, సి3ల మధ్యే. ఇంత స్వేచ్ఛగా తిరిగే జోడు వెన్నెముకలో ఇంకెక్కడా లేదు.

ఇప్పుడు రక్తనాళం. మెడ పూసలకి మాత్రమే ఉండే గుర్తు ఒకటుంది, పక్క కొమ్ముల్లో ఒక్కో బెజ్జం. ఎముకల కుప్పలోంచి మెడ పూసని ఏరమంటే విద్యార్థి ముందు చూడాల్సింది దాన్నే. వెర్టెబ్రల్ ఆర్టరీ అనే ధమని సాధారణంగా ఆరో పూస బెజ్జంలో దూరి, అక్కణ్ణుంచి ఒక్కో పూస దాటుకుంటూ నిటారుగా పైకెక్కుతుంది. అట్లాస్ బెజ్జం దాటగానే ఒక్కసారిగా వెనక్కి తిరిగి, అట్లాస్ వెనక వంపు మీది గాడి వెంట సాగి, పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రంలోంచి లోపలికి వెళ్తుంది. కుడి ఎడమ ధమనులు రెండూ అక్కడ కలిసి ఒకటవుతాయి. మెదడు కాండం, చిన్నమెదడు, మెదడులో చూపుకి సంబంధించిన వెనక భాగం, వీటన్నిటికీ నెత్తురు ప్రధానంగా ఆ దారినే వస్తుంది.

తరగతిలో సి6 నుంచి సి1 దాకా ఈ బెజ్జాల్లోంచి ఎర్ర దారం ఎక్కించి చూపిస్తాను. పూసలు వరసగా కుదురుగా ఉన్నంతసేపూ దారం వదులుగా ఉంటుంది. అప్పుడు అట్లాస్ ఒక్కదాన్నే పట్టుకుని కుడికి తిప్పుతాను. ఎడమ వైపున, సి2కీ సి1కీ మధ్య ఉన్న ఆ కాస్త దారం బిగిసి, బెజ్జం అంచుకి ఒరుసుకుంటుంది. కింద సి5, సి6 దగ్గర దారంలో చలనమే ఉండదు. పిల్లలు ఆ బిగుతుని వేలితో తాకి చూస్తారు. ఆ తర్వాత వాళ్ళెవరికీ మెడ విసురుగా తిప్పొద్దని విడిగా చెప్పాల్సిన పనుండదు.

భయపడకండి, ధమని దారం కాదు. అది సాగుతుంది, తిప్పుడుకి సరిపడా మెలికలతోనే అక్కడ ఉంటుంది. మీ అంతట మీరు వెనక్కి తిరిగి చూస్తే దానికేమీ కాదు, ఎందుకంటే మీ కండరాలు అంచుకి చేరకముందే ఆపుతాయి. సెలూన్‌లో ఒక చెయ్యి గడ్డం మీద, ఇంకో చెయ్యి తల వెనక పెట్టి, ముందు మెల్లగా చివరిదాకా తిప్పి, అక్కడ హఠాత్తుగా ఇంకొంచెం విసురుతారు. ఆ చివరి విసురుని అడ్డుకునేంత సమయం కండరాలకి దొరకదు. పైగా ఆ పట్టులో బలం ముందుగా చేరేది పైనున్న సి1, సి2ల జోడుకే. శబ్దం ఏ కీలులో వస్తుందో చేసేవాడి చేతిలో లేదు, ధమని మాత్రం ప్రతిసారీ సాగుతుంది.

ధమని గోడకి మూడు పొరలు. లోపలి పొర చిట్లితే నెత్తురు పొరల మధ్యకి దూరుతుంది. దారి ఇరుకవుతుంది, అక్కడ గడ్డ కడుతుంది, గడ్డలోంచి ముక్క ఊడి మెదడు నాళానికి అడ్డం పడుతుంది. వైద్యులు దీన్ని డిసెక్షన్ అంటారు. యాభై ఏళ్ళ లోపువాళ్ళకి వచ్చే పక్షవాతానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. విసురు లేకుండా కూడా కొందరికి వస్తుంది. గట్టి దగ్గు, ఆటలో తగిలిన దెబ్బ, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు.

మెడ ముందు పక్కల నడిచే కెరోటిడ్ ధమనికీ ఈ ముప్పు ఉంది. అది మెడ మధ్యలో, సుమారు సి4 ఎత్తున, రెండుగా చీలుతుంది. అందులో మెదడుకి వెళ్ళే కొమ్మ పై పూసల పక్క కొమ్ములకి ముందుగా సాగుతుంది. తల వెనక్కి వాల్చి తిప్పితే ఆ ఎముకల మీదకి బిగుస్తుంది. మీరు చెప్పిన బళ్ళారి వార్త దీని గురించే. 2024లో వచ్చింది. 30 ఏళ్ళ మనిషి, సెలూన్‌లో తలమర్దన చేస్తూ మెడ తిప్పారు, అప్పుడే చురుక్కుమంది, ఇంటికి వెళ్ళిపోయాడు. కొన్ని గంటల్లో మాట పోయింది, ఎడమ వైపు బలం తగ్గింది. పరీక్షల్లో కెరోటిడ్ చిట్లినట్టు తేలింది. అంతకు ముందు 2017లో ఢిల్లీ ప్రాంతంలో 54 ఏళ్ళ వ్యక్తికి మెడ విరిచాక ఊపిరి అందకుండా పోయింది. అక్కడ దెబ్బ తిన్నది ధమని కాదు, ఫ్రెనిక్ నరం. సి3, సి4, సి5ల నుంచి బయల్దేరే ఈ నరమే ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్‌ని నడుపుతుంది.

మీ ఆవిడకి కూడా ఒక మాట చెప్పండి. బ్యూటీ పార్లర్‌లో తల కడిగేటప్పుడు మెడని బేసిన్ అంచు మీద బాగా వెనక్కి వాల్చి చాలాసేపు ఉంచినా ఇలాంటిదే జరగొచ్చని 1993లోనే అమెరికా వైద్య పత్రికలో ఐదు కేసులు ప్రచురించారు. 2022 చివర్లో హైదరాబాద్ న్యూరాలజిస్టు ఒకరు 50 ఏళ్ళ మహిళకి ఇలాగే జరిగిన సంగతి బయటపెట్టారు. మెడ కింద మందంగా తువ్వాలు మడిచి పెట్టమనడం, కాసేపటికోసారి తల పైకెత్తడం, ఈ రెండూ చేస్తే చాలు, పార్లర్ మానేయక్కర్లేదు.

నా దగ్గరి కేసు ఒకటి. గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే నలభై ఏళ్ళ మనిషి. మెడ పట్టేసిందని, మసాజ్ చేయమని వచ్చాడు. మూడు రోజుల కిందట సెలూన్‌లో విరిపించుకున్నాడు. నొప్పి ఎడమ వైపు, తల వెనక పుర్రె మొదలు దాకా. నేను చెయ్యి వేయకపోవడానికి కారణం అతను అన్న ఒక్క మాట: “మెడనొప్పి నాకు మామూలే సార్, కానీ ఇలాంటి నొప్పి ఎప్పుడూ లేదు.” లేపి నడిపించాను. తిరిగే దగ్గర తూలాడు. గోడ పట్టుకుని, ఎండలో వచ్చాను కదా అన్నాడు. అట్నుంచి అటే న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. రక్తనాళాల్ని చూపించే స్కాన్, సీటీ యాంజియోలో ఎడమ వెర్టెబ్రల్ ధమని చిట్లినట్టు వచ్చింది. నెత్తురు గడ్డకట్టకుండా మందులు వాడారు, కోలుకున్నాడు. ఎప్పుడూ లేనట్టి కొత్త రకం నొప్పి, అదీ మెడకి ఒక పక్క, తల వెనకా ఉంటే, ముందు దాని సంగతి తేల్చుకున్నాకే మసాజ్ మాట ఎత్తాలి.

మా వృత్తిలోనూ మెడని విసురుతో సరిచేసే పద్ధతి ఉంది. శిక్షణ పొందినవాళ్ళు ముందు బీపీ, నరాల పరీక్ష, పాత జబ్బులు అన్నీ చూసి, చాలా చిన్న కదలికతో చేస్తారు. అయినా సి1, సి2ల మీద నేను దాన్ని వాడను. మెల్లగా, రోగి ఏ క్షణంలోనైనా ఆపమనగలిగే వేగంతో కీళ్ళని కదిపితే నాకు కావలసిన ఫలితం వస్తోంది. నాతో ఏకీభవించని సహోద్యోగులు ఉన్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి.

ఇంట్లో మీరే విరుచుకోవడం గురించి. తల తిప్పుతుంటే దానంతటదే టిక్‌మంటే పట్టించుకోకండి. ఇసుక నలిగినట్టు గరగర వినిపించినా, నొప్పి లేకపోతే అది వయసుతో వచ్చేదే. అరచేత్తో గడ్డాన్ని తోసి, శబ్దం వచ్చేదాకా విసరడం మాత్రం సెలూన్‌లో చేసే పనికి తమ్ముడే. ఇంకో చిక్కు ఏమిటంటే, బిగుసుకున్న కీలు కదలకుండా అలాగే ఉంటుంది, పక్కనున్న ఇప్పటికే వదులైన కీలే పదేపదే ‘టప్’మంటుంది. మీకు హాయి వస్తుంది, పట్టు ఉన్న చోట పట్టు అలాగే మిగులుతుంది.

ఆ పట్టు ఎక్కడుందో మీరే వెతుక్కోవచ్చు. తల కొంచెం ముందుకి వంచి మెడ వెనక కిందకి వేలు జారిస్తే పొడుచుకొచ్చిన ఎముక తగులుతుంది. చాలామందిలో అది సి7. అక్కణ్ణుంచి పక్కకి, రెక్క ఎముక లోపలి పై మూల దగ్గరికి వేలు తీసుకెళ్ళి నొక్కండి. తాడులా గట్టిగా తగిలి, నొక్కగానే ‘అబ్బా, అదే’ అనిపిస్తే అది లెవేటర్ స్కాపులే కండరం. మొదటి నాలుగు పూసల పక్క కొమ్ముల నుంచి దిగి రెక్క ఎముకని పట్టుకుని ఉంటుంది. ‘మెడ పట్టేసింది’ అంటూ వచ్చేవాళ్ళలో చాలామందికి నాకు దొరికేది ఇక్కడే. దీన్ని సాగదీయడం తేలిక. కుర్చీ అంచుని కుడి చేత్తో పట్టుకోండి. ముఖం సగం ఎడమకి తిప్పి, ఎడమ చంకలోకి చూస్తున్నట్టు తల వంచండి. ఎడమ చేతిని తల మీద బరువుకి మాత్రమే ఉంచండి, లాగొద్దు. అరనిమిషం అలా ఉండి వదిలేయండి, రెండో వైపూ అంతే. రోజుకి మూడు నాలుగు సార్లు. ముందుగా ఉప్పు మూట కాపడం పెట్టుకుంటే ఇంకా సుళువు.

పుర్రె కింద అంచు దగ్గర, మెడ మధ్య గీతకి అటూ ఇటూ, చిన్న చిన్న లోతు కండరాలుంటాయి. ఫోను చూసి చూసి తల వెనక నొప్పి వచ్చేది ఎక్కువగా వీటివల్లే. వీటిలో మూడు కండరాలు కలిసి ఒక త్రికోణం ఏర్పడుతుంది, ఆ త్రికోణం అడుగునే పైన చెప్పిన వెర్టెబ్రల్ ధమని అడ్డంగా సాగుతుంది. అందుకే అక్కడ వేళ్ళతో మృదువుగా ఒత్తించుకోండి, బొటనవేలు దించి కుమ్మించుకోవద్దు. తల నిటారుగా పెట్టి గడ్డాన్ని వెనక్కి లాక్కోవడం, అయిదు సెకన్లు ఆపడం, పది సార్లు, ఈ వ్యాయామం ఈ కండరాలకి బాగా పనిచేస్తుంది. దిండు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పక్కకి తిరిగి పడుకుంటే భుజానికీ తలకీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు ఉండాలి.

ఎమ్మారై తీయించుకున్నానని, ‘డిస్కు ఉబ్బింది’ అని వచ్చిందని చివర్లో రాశారు. దాన్ని చూసి దిగులు పడకండి. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87 శాతం పైచిలుకు మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఇరవైల్లో ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఉంది. రిపోర్టుకీ ఒంట్లోని బాధకీ పొంతన ఉంటేనే లెక్క. బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కితే సి6 నరం, మధ్యవేలైతే సి7, చిటికెనవేలైతే సి8 మీద అనుమానం (మెడలో పూసలు ఏడే అయినా నరాలు ఎనిమిది జతలు). చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడక తడబడుతున్నా, తల వంచగానే వెన్నులోంచి కరెంటు షాక్ పాకినట్టున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. వీటిలో ఏది ఉన్నా వ్యాయామాలు మొదలుపెట్టకుండా ముందు స్పైన్ డాక్టర్‌ని కలవండి. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఇవేవీ లేవు.

మీరు ఇప్పటికే మొన్న విరిపించుకున్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. ధమని చిట్లితే లక్షణాలు వెంటనే రావాలని లేదు, గంటల తర్వాత, కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. కళ్ళు తిరిగి తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, గుటక పడకపోవడం, ముఖం ఒక పక్క మొద్దుబారడం, ఒక చెయ్యి కాలు బలం తగ్గడం, ఒక కంటి రెప్ప వాలడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా పడుకుంటే తగ్గుతుందని చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆస్పత్రిలో అడగకపోయినా “మెడ విరిపించుకున్నాను, ఫలానా రోజు” అని చెప్పండి. ఆ మాట లేకపోతే కళ్ళు తిరగడాన్ని గ్యాస్ అనో చెవి సమస్య అనో అనుకునే ప్రమాదం ఉంది.

ఇక మీ నాన్నగారు. ఆయనకి షుగర్, బీపీ ఉన్నాయన్నారు. ఆ వయసులో పూసల అంచుల్లో ఎముక పెరుగుతుంది, వెన్నుపాము దారి ఇరుకై ఉండొచ్చు, కెరోటిడ్ గోడకి కొవ్వు పట్టి ఉండొచ్చు. ఆయనకి విసురు అసలే పనికిరాదు. మెడ పక్కల, నాడి కొట్టుకునే చోట, గట్టిగా పిసకడం కూడా వద్దు. కెరోటిడ్ చీలే దగ్గర రక్తపోటుని కనిపెట్టే నాడుల గుంపు ఉంటుంది, దాన్ని నొక్కితే గుండె వేగం పడిపోయి పెద్దవాళ్ళు కుర్చీలోనే సొమ్మసిల్లవచ్చు. కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్నవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, ఇందాక చెప్పిన మేకు వెనక లిగమెంట్ ఆ జబ్బులో వదులైపోతుంది. అలాంటి పెద్దావిడ ఒకరిని మెడ ‘సెట్’ చేయమని నా దగ్గరికి తీసుకొస్తే, తల వంచి ఎక్స్‌రే తీయించాను. మేకుకీ వలయానికీ మధ్య ఉండకూడనంత ఎడం ఉంది, నేరుగా సర్జన్ దగ్గరికి పంపాను.

సెలూన్ అతన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అందరూ అడుగుతారు కాబట్టి ఆయన చేస్తాడు, చాలామంది దీనికి డబ్బులు కూడా విడిగా తీసుకోరు. నాన్నగారి కన్నా ముందు మీరే వెళ్ళి “అన్నా, మా నాన్నకీ నాకూ తలమర్దన చాలు, మెడ మాత్రం తిప్పొద్దు” అని చెప్పండి. కటింగ్ మొదలయ్యే ముందే చెప్పండి, ఎందుకంటే చివర్లో కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు చేతులు అలవాటుగా గడ్డం కిందకి వచ్చేస్తాయి.